దేడ్కోనా, దేడ్కీనా?

సూరత్‌లోని భేస్తాన్‌లో మా అక్క వాళ్ల ఇంటి బాత్రూం కిటికీకి ఒకే ఒక అద్దం పలక. వానలు పట్టుకున్నాక రోజూ రాత్రి తొమ్మిది దాటితే చాలు, ఆ పలక మీదికి ఒక కప్ప వచ్చి అతుక్కుంటుంది. బల్బు వెలుతురుకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం అది వస్తుంది. పగలు నీలం డ్రమ్ము వెనక, గోడకూ డ్రమ్ముకూ మధ్య వేలెడు సందులో కాళ్లు ముడుచుకుని పడుకుంటుంది. మా మేనల్లుడు ఏడో తరగతి. దాన్ని గాజు పెట్టెలో పెట్టి పెంచుకుంటానని వారం రోజులుగా వాళ్లమ్మ ప్రాణం తీస్తున్నాడు.

నేను వెళ్లిన రోజు రాత్రి పక్కింటి బెన్ (గుజరాతీలో అక్క అని) కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసింది. చూసి అడిగిన మొదటి మాట: "దేడ్కో కే దేడ్కీ?"

మగ కప్పా, ఆడ కప్పా అని. గుజరాతీలో ఆ సంగతి తేల్చుకుంటే గాని మాట సాగదు. మగదైతే దేడ్కో, ఆడదైతే దేడ్కీ. వచ్చిందా, వచ్చాడా అన్న క్రియ కూడా దాన్ని బట్టే మారుతుంది. మనకు ఆ బాధ లేదు. కప్ప కప్పే. కాకపోతే మన వ్యాకరణం ఇంకో చిత్రం చేసింది. అక్క వచ్చింది, కప్ప వచ్చింది. మగ కప్పయినా వచ్చిందే. తెలుగులో మగ కప్ప అనే ప్రాణి పుట్టనే లేదన్నమాట.

"మామా, మరి ఇది ఏందే?" అన్నాడు మేనల్లుడు. ముప్పై ఏళ్ల కింద సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. వాడు పుట్టింది సూరత్‌లోనే. ఉధ్నా, లింబాయత్, పాండేసరా, భేస్తాన్ గల్లీల్లో ఇలాంటి పిల్లలు వేల మంది. ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ. ఇక్కడి కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. ఏ భాషలో అడిగినా జవాబు మాత్రం నా దగ్గర సిద్ధంగా లేదు. ఒక్క చూపుతో చెప్పగలిగే జంతువు కాదది.

ముందు అది ఏ కప్పో చూద్దాం. దేశంలో చాలాచోట్ల, మన తెలుగు పల్లెల్లోనూ, ఇళ్లలోకి వచ్చే చెట్టు కప్ప ఇదే. ఇంగ్లీషు వాళ్లు దీనికి చునాం ఫ్రాగ్ అని పేరు పెట్టారు. చునాం అంటే సున్నమే. సున్నం కొట్టిన గోడల మీద కనిపించేది కాబట్టి సున్నపు కప్ప. శాస్త్రీయ నామం పాలిపెడేటస్ మాక్యులేటస్. 1830లో జాన్ ఎడ్వర్డ్ గ్రే వర్ణించాడు. మాక్యులేటస్ అంటే మచ్చలది. ఆ మచ్చలు వీపు మీద వెతక్కండి. వీపు గంటకో రంగు: ఒకప్పుడు ఎండిన ఆకు రంగు, ఒకప్పుడు పాలిపోయిన పసుపు, తెల్ల గోడ మీద దాదాపు తెలుపు. కాలు చాపినప్పుడు తొడ వెనక చూడండి. ముదురు గోధుమ రంగు నేల మీద గుండ్రటి పసుపు చుక్కలు ఉంటాయి. అవి కనిపిస్తే ఇదే. వేళ్ల కొసల్లో గుండీల్లాంటి బిళ్లలు కూడా ఉంటాయి గాని, అవి ఆడకూ మగకూ ఇద్దరికీ ఒకేలా ఉంటాయి. వీపు రంగు, వేలి బిళ్లలు, రెండూ ఆడ మగ లెక్కలో పనికిరావు.

మేకనో కుక్కనో తోక ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. కప్పకు పైకి కనిపించే అవయవం ఏదీ లేదు. మలం, మూత్రం, గుడ్లు, వీర్యం అన్నీ ఒకే ద్వారం నుంచి వస్తాయి. గుడ్లు బయటికి వచ్చాకే, దాదాపు అన్ని కప్పల్లోనూ, మగది వాటి మీద వీర్యం వదులుతుంది. కలయిక శరీరం బయట జరిగేటప్పుడు ప్రత్యేకమైన అవయవంతో పనేముంది? వృషణాలు కూడా లోపల, మూత్రపిండాల పక్కన ఉంటాయి. అందుకే కప్పను పట్టుకుని తిరగేసి చూసేవాళ్లకు దొరికేది చేతి నిండా కప్ప ఉచ్చ మాత్రమే.

తిరగేయాల్సిన అవసరం మాకు రాలేదు. అద్దం ఉంది కదా. మేనల్లుణ్ణి టార్చి తీసుకుని ఇంటి వెనక్కి వెళ్లమన్నాను. లోపలి నుంచి మేం వీపు చూస్తుంటే, బయటి నుంచి వాడు పొట్ట, గొంతు, అరచేతులు చూస్తున్నాడు. కప్పను ముట్టుకోకుండా, దాని చర్మానికి మన చేతి ఉప్పూ సబ్బూ తగలకుండా చూడడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. చెట్టు కప్పలు తమంతట తామే అద్దాలెక్కి మనకు పరీక్షకు కూర్చుంటాయి. మనం పక్క మారితే చాలు.

"పొట్ట తెల్లగున్నది మామా. గొంతు కొంచెం వదులుగున్నట్టున్నది. కొట్టుకుంటున్నది."

గొంతు కొట్టుకోవడం ఊపిరి. అది అందరికీ ఉంటుంది. వదులు సంగతే చూడాలి. మగ కప్ప గొంతు కింద నాద సంచి ఉంటుంది. ఊపిరితిత్తుల్లోని గాలి స్వరపేటిక మీదుగా ఆ సంచిలోకి, మళ్లీ వెనక్కి పోతూ ఉంటే అరుపు. వానాకాలమంతా ఊదీ ఊదీ ఆ చర్మం సాగుతుంది. ఊదనప్పుడు గాలి తీసిన బుడగలా ముడతలు పడి, ఆడదాని గొంతు కంటే కాస్త మసకగా కనిపిస్తుంది. ఆడదాని గొంతు పొట్టలాగే బిగువుగా, తెల్లగా ఉంటుంది. కొన్ని జాతుల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది; ఈ సున్నపు కప్పలో అంత ఉండదు. మన బోదురు కప్ప చూడండి, తొలి వానకు మగది నిమ్మపండు పసుపు రంగులోకి మారి, గొంతుకు రెండు వైపులా నీలం బుడగలు ఊదుతుంది. రోడ్డు మీద పోయేవాడు కూడా మగదని చెప్పేస్తాడు. అందరూ అంత ఉదారంగా ఉండరు.

తర్వాత సైజు. కప్పల్లో పది జాతులు తీసుకుంటే సుమారు తొమ్మిదింటిలో ఆడదే పెద్దది. సున్నపు కప్ప ఆడది ఏడెనిమిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మగది దానికంటే స్పష్టంగా చిన్నది, సన్నది. జతగా కనిపించినప్పుడు తల్లి వీపున పిల్ల ఎక్కినట్టే ఉంటుంది. పొట్ట పెద్దదైతే ఎక్కువ గుడ్లు పడతాయి కాబట్టి ఆడదానికి పెద్ద ఒళ్లు లాభం. కాని పక్కన పోల్చడానికి ఇంకోటి లేనప్పుడు సైజు మోసం చేస్తుంది. బాగా తిన్న మగది, ఇంకా ఎదుగుతున్న ఆడదాని కంటే పెద్దగా కనిపించవచ్చు. మా కిటికీ కప్ప స్కేలుకు అయిదు సెంటీమీటర్లు పైచిలుకు. ఎదిగిన మగదనుకోవచ్చు, ఎదగని ఆడదనీ అనుకోవచ్చు. సరిగ్గా మధ్యలో వచ్చి కూర్చుంది.

ఇంటర్నెట్‌లో చదివి కర్ణభేరి కొలవమనే వాళ్లున్నారు. కంటి వెనక గుండ్రటి బిళ్ల ఉంటుందే, అది కంటి కంటే పెద్దదైతే మగ అని. అమెరికన్ బుల్ ఫ్రాగ్‌కు అది నిజమే. దాన్ని తెచ్చి చెట్టు కప్పకు అంటగడితే నిజం కాదు.

మరి గట్టి సాక్ష్యం ఏది? అరుపు. అక్క వాళ్ల గల్లీలో రాత్రీ పగలూ మగ్గాల చప్పుడే. కరెంటు పోయినప్పుడు గాని ఇంకో శబ్దం వినబడదు. మరునాడు రాత్రి అలాగే పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. చెవులు గుయ్యిమంటుండగా డ్రమ్ము వైపు నుంచి వినిపించింది: టక్, టక్ టక్, ట్రర్ర్ టక్. ఎవరో చెక్క మీద వేలి కణుపుతో కొట్టినట్టు. అక్క నవ్వింది. "ఇన్ని రోజులు ఏ మగ్గమో పోగు తెగి కొట్టుకుంటుందనుకున్న," అంది.

ఇలా ఆగకుండా పిలిచేది మగదే. తన జాతి ఆడదాన్ని రమ్మని, పక్క మగవాణ్ణి దూరంగా ఉండమని ఆ ఒక్క అరుపులోనే చెబుతుంది. అది తేలిక పని కాదు. అరిచే కప్ప ఖర్చు చేసే శక్తి, విశ్రాంతిగా కూర్చున్నప్పటి కంటే పది రెట్లకు పైనే. ఉత్తర అమెరికాలోని బూడిద రంగు చెట్టు కప్పను కోసి చూస్తే, గాలిని నెట్టే మొండెం కండరాలు మగదాని బరువులో సుమారు 15 శాతం, ఆడదానిలో 3 శాతమే. మనం బయట వెతికే తేడా లోపల అంత పెద్దగా ఉందన్నమాట. రాత్రంతా ఇలా అరిచేవాడికి తిండికి తీరికెక్కడిది? మగవి చిన్నగా ఉండడానికి ఇదీ ఒక కారణమంటారు.

అరిచేదంతా మగదేనా అంటే, రెండు మినహాయింపులు. పాము నోట్లో పడ్డ కప్ప కీచుమని పెట్టే కేకకు ఆడ మగ తేడా లేదు. రెండోది మనకు దగ్గరిదే. పశ్చిమ కనుమల్లో బాంబే నైట్ ఫ్రాగ్ అని ఒక కప్ప ఉంది. దాని ఆడది కూడా పిలుస్తుందని 2016లో ఎస్.డి. బిజు బృందం ప్రకటించింది. ప్రపంచంలో ఆడ కప్పలు ఇలా పిలిచే జాతులు చాలా తక్కువ. భేస్తాన్ డ్రమ్ము వెనక టక్ టక్ అన్నది మాత్రం మగదే.

అయితే డ్రమ్ము వెనక అరిచిందీ, అద్దం మీద కూర్చున్నదీ ఒకటేనా? చీకట్లో చూసిందెవరు? మేనల్లుడు అప్పటికే పక్కింటికి పరుగెత్తి "దేడ్కో, దేడ్కో" అని చాటేశాడు. నేను మాత్రం ఒప్పుకోలేదు.

ఇక మిగిలింది బొటనవేలు. జతకట్టే కాలంలో మగ కప్ప చేతి మొదటి వేలి లోపలి పక్కన, కొన్నింటిలో రెండో వేలికి కూడా, చర్మం దళసరెక్కి గరుకు కాగితంలా తయారవుతుంది. శాస్త్రజ్ఞులు నప్షియల్ ప్యాడ్ అంటారు. పెళ్లి గరుకు అందాం. ఆడదాని చంకల కింద చేతులు వేసి గంటల తరబడి పట్టుకోవాలి, అదీ జారిపోయే తడి ఒంటి మీద. అందుకీ ఏర్పాటు. మగ హార్మోను పెరిగితే వస్తుంది, కాలం పోతే తగ్గిపోతుంది. చాలా కప్పల్లో నల్లగా, మసి అంటినట్టు ఉంటుంది. చెట్టు కప్పల్లో చాలాసార్లు లేత రంగు, చర్మంలో కలిసిపోతుంది. అద్దం అవతలి నుంచి మొదటి వేలి మొదట్లో చిన్న ఉబ్బు ఉన్నట్టూ, లేనట్టూ కనిపించింది. మేనల్లుడు ఉందంటాడు. నాకు కళ్లజోడు పెట్టుకున్నా తేలలేదు.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. అరుపు, ముడతల గొంతు, పెళ్లి గరుకు, ఈ మూడూ మగదని చెప్పే సాక్ష్యాలు. ఇవి కనబడితే మగ. కనబడకపోతే ఆడ అని కాదు. పిల్ల మగదై ఉండవచ్చు, కాలం కాక అరవకపోవచ్చు, పక్కన బలమైన మగది ఉంటే భయపడి నోరు మూసుకుని ఉండవచ్చు. ఇలాంటి కప్పల్లో ఆడదని ఖాయంగా చెప్పే బాహ్య గుర్తు ఒక్కటే: గుడ్లు. పొట్ట పలచటి చర్మం కింద గుడ్లు నిండి కనబడడమో, పెట్టగా చూడడమో.

కప్పలకు మాత్రం తెలుస్తుందా? ఆడదానికి తెలుస్తుంది, అరుపు విని నడిచొస్తుంది కాబట్టి. మగదానికి చాలా జాతుల్లో తెలియదు. దగ్గరికి వచ్చిన దేన్నయినా పట్టుకుంటుంది. గరుకు వీపు గోండ్రు కప్పలు ఇంకో మగదాన్ని, చెప్పును, మనిషి వేలిని కూడా పట్టుకుంటాయి. పట్టుబడ్డది మగదైతే ఒళ్లు అదురుస్తూ కిచకిచమని ఒక ప్రత్యేకమైన కూత పెడుతుంది. వదులు, నేనూ మగాణ్ణే అని. వెంటనే వదిలేస్తుంది. ప్రయోగశాలల్లో దీన్నే వాడుకుంటారు: రెండు వేళ్లతో చంకల దగ్గర మెల్లగా నొక్కితే కూత పెట్టింది మగదని. అమెరికాలోని వుడ్ ఫ్రాగ్ మగది నడుము లావు చూసి నిర్ణయించుకుంటుంది. గుడ్లతో నిండుగా ఉంటే పట్టుకునే ఉంటుంది, సన్నగా ఉంటే వదిలేస్తుంది.

పెంపకానికి వస్తే, ప్రపంచంలో చాలామంది పెంచేది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వైట్స్ ట్రీ ఫ్రాగ్. ఆకుపచ్చగా, లావుగా, బుద్ధుడిలా కూర్చుంటుంది. ఆడది పది సెంటీమీటర్ల దాకా, మగది ఏడు దరిదాపుల్లో. మగదాని గొంతు బూడిద రంగులో ముడతలు పడి ఉంటుంది. ఏడాది దాటితే గాని ఇదేదీ నమ్మదగ్గది కాదు. రూపాయి బిళ్లంత పిల్లల్ని చూపించి "ఇది జంట, మగ ఒకటి, ఆడ ఒకటి" అని అమ్మేవాడికి మీకంటే ఎక్కువ ఏమీ తెలియదు, తెలిసినట్టు మాట్లాడడం తప్ప. ఎర్ర కళ్ల చెట్టు కప్ప లాంటివి వన్యప్రాణుల వ్యాపారం మీది అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. 2022లో సవరించిన మన వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం వాటిని పెంచుకునేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఇంటికి తానుగా వచ్చిన సున్నపు కప్పనైతే పెట్టెలో పెట్టాల్సిన పనే లేదని మేనల్లుడికి నచ్చజెప్పడానికి రెండు ఐస్‌క్రీములు ఖర్చయ్యాయి.

కప్ప ఆడదో మగదో తెలియడం మీద ఒకప్పుడు ఆస్పత్రులే ఆధారపడ్డాయంటే నమ్మరు. దక్షిణాఫ్రికాలో పనిచేసిన లాన్సెలాట్ హాగ్బెన్ 1930 ప్రాంతంలో కనిపెట్టిన సంగతి నుంచి ఒక గర్భ పరీక్ష పుట్టింది. గర్భిణి మూత్రాన్ని ఆడ క్లాడ్ ఫ్రాగ్‌కు, అంటే గోళ్ల కప్పకు, ఇంజెక్షన్ చేస్తే, మూత్రంలోని గర్భ హార్మోను వల్ల అది తెల్లారేసరికి గుడ్లు పెడుతుంది. 1947లో అర్జెంటీనా వైద్యుడు కార్లోస్ గల్లి మైనిని మగ కప్పతో చేశాడు: కొద్ది గంటల్లో దాని మూత్రంలో వీర్యకణాలు కనిపిస్తాయి. మొదటి పరీక్షకు పొరపాటున మగది దొరికితే గుడ్లు రావు, గర్భిణికి గర్భం లేదని చీటీ రాస్తారు. అదృష్టం కొద్దీ క్లాడ్ ఫ్రాగ్ ఆడదానికి ద్వారం చుట్టూ చిన్న చర్మపు మడతలుంటాయి, గుర్తుపట్టడం తేలిక.

పైకి కనబడేదాని వెనక ఉన్న అసలు లెక్క ఇంకా జారుడు. మనలాగే ఎక్స్‌వై క్రోమోజోముల పద్ధతి పాటించే కప్పలున్నాయి, కోళ్లలాగా జడ్‌డబ్ల్యూ పాటించేవీ ఉన్నాయి. జపాన్‌లో ఒకే జాతి కప్ప ఒక ప్రాంతంలో ఇది, ఇంకో ప్రాంతంలో అది పాటిస్తుంది. పైగా తోకకప్పగా ఉన్నప్పుడు నీటి వేడి, నీళ్లలో కలిసిన రసాయనాలు లెక్కను తిప్పేయగలవు. కలుపు మందు అట్రజిన్ కలిపిన నీళ్లలో పెంచిన క్లాడ్ ఫ్రాగ్ మగవాటిలో పదింటికి ఒకటి పూర్తి ఆడదిగా మారి గుడ్లు పెట్టిందని 2010లో టైరోన్ హేస్ బృందం ప్రచురించింది. ఆఫ్రికా రెల్లు కప్పల్లో పెంపకంలో ఉన్న ఆడవి కొన్ని మగవిగా మారిన ఉదంతం 1989లో వచ్చింది. జురాసిక్ పార్క్‌లో ఆడ డైనోసార్లు పిల్లల్ని పెట్టడానికి సాకుగా వాడుకున్నది ఆఫ్రికా కప్పల ఈ గుణాన్నే. సినిమాలో అది అరనిమిషం మాట, మిగతాదంతా పరుగులే గనక మనకు గుర్తుండదు.

అక్క మాత్రం ఇదంతా విని, "మరి కప్పల పెండ్లి చేసేటోళ్లు ఎట్ల చూస్తర్రా?" అంది. మంచి ప్రశ్న. తెలంగాణలో వానలు రాకపోతే రోకలికి వేపమండలతో కప్పను కట్టి కప్పతల్లి అని ఇంటింటికీ తిప్పుతారు, నీళ్లు పోయించుకుంటారు. తల్లి అన్నాం గనక అది ఆడదే, పరీక్ష లేదు. పెళ్లి చేసేవాళ్లకే చిక్కు. 2019 జూన్‌లో కర్ణాటకలోని ఉడుపిలో వానల కోసం వరుణ, వర్ష అని పేర్లు పెట్టి రెండు కప్పలకు పెళ్లి చేసినప్పుడు, ముందుగా మణిపాల్‌లో జంతుశాస్త్రం వాళ్లకు చూపించి వధువెవరో వరుడెవరో ఖాయం చేసుకున్నారని పత్రికలు రాశాయి. పురోహితుడి కంటే ముందు ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లిన పెళ్లి అది.

నేను తిరిగొచ్చిన తొమ్మిదో రోజు పొద్దున మేనల్లుడి ఫోను. "మామా, డ్రమ్ము లోపలి అంచుకు సబ్బు నురగ లెక్క అతుక్కున్నది. అమ్మ కడుగుతనంటే ఆపిన."

అది నురగ గూడు. ఆడది తన ఒంటి నుంచి వచ్చే జిగురును వెనక కాళ్లతో చిలికి, పెరుగు చిలికినట్టు చిలికి, వందల గుడ్లను అందులో పెడుతుంది. మగది వీపున ఉండి వీర్యం వదులుతుంది. పైపొర ఆరి పెళుసు కడుతుంది, లోపల తడి నిలుస్తుంది. కొద్ది రోజులకు తోకకప్పలు కింద నీళ్లలోకి జారతాయి. అందుకే నీళ్లకు సరిగ్గా పైన పెడుతుంది.

"ఎవరు పెట్టారో చూశావా? అద్దం మీది కప్పేనా?"

"చూడలే. పొద్దుగాల లేచేసరికి ఉన్నది. అద్దం మీద రాత్రి ఎవ్వరూ రాలే."

అంటే ఆ ఇంట్లో ఆడది ఒకటి ఉంది. అరిచిన మగది ఒకటి ఉంది. మా కిటికీ కప్ప ఆ ఇద్దరిలో ఒకరో, మూడోదో. ఆ తర్వాత అయిదో రోజు ఇంకో ఫోను: డ్రమ్ములో నల్లటి తోకలు ఈదుతున్నాయట, అక్క ఆ నీళ్లు వాడడం మానేసి కొత్త బకెట్టు కొనుక్కుందట. వెనక పక్కింటి బెన్ గొంతు వినబడుతోంది, డ్రమ్ములోకి వంగి అడుగుతోంది కాబోలు, కాస్త బోలుగా మోగుతోంది:

"దేడ్కా కేట్లా, దేడ్కీ కేట్లీ?"